బోర్డు లేని గల్లీ

వీరరాఘవరావు గారు బోర్డు వెనక్కి వంగి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఏడో నంబరు తీగను ఊడబీకారు. ఊడబీకి ఊరుకోలేదు. అన్నిటికీ పద్ధతి ఉన్న మనిషి. తీగ కొసకు నల్ల టేపు చుట్టి, చుట్టినదాన్ని బొటనవేలితో నొక్కి, గోడ మేకుకు తగిలించి, అప్పుడు నడుం పట్టుకుని లేచారు.

“మాణిక్యమ్మ లైను చెడిపోయింది,” అన్నారు.

బోర్డు ముందు స్టూలు మీద కూర్చున్న రాజరాజేశ్వరి భర్త చేతుల వంక చూసింది. తర్వాత మేకు వంక చూసింది.

“ఎప్పుడండీ?”

“ఇప్పుడే.”

“మీరే కదా...”

“ఎవరడిగినా చెడిపోయిందని చెప్పు. కైలాసం వచ్చి చూస్తాడులే.”

ఆయన చెప్పులేసుకుని సంఘం పనిమీద వెళ్లిపోయారు. సంఘమంటే ఆ గల్లీ సంఘమే. దానికి అధ్యక్షులు ఆయన. సభ్యులెవరని అడిగితే మాత్రం అందరూ పక్కవాళ్లను చూపిస్తారు.

శాలిబండ రోడ్డు మీంచి గాజుల కొట్టు పక్కగా లోపలికి తిరిగితే వచ్చే గల్లీ అది. సర్కారు ఫోను కోసం దరఖాస్తు పెట్టినవాళ్లు అందులో ముగ్గురున్నారు. వాళ్లలో ఒకాయన దరఖాస్తు పెట్టిన సంగతే మరిచిపోయే వయసుకు వచ్చేశాడు. ఇది ఇలాగైతే తెమలదని రేడియోలు బాగుచేసే కైలాసం జుమ్మేరాత్ బజార్లో మిలిటరీ వాళ్లు పారేసిన పాత ఫోన్లు తెచ్చి, డాబాల మీంచి డాబాల మీదికి తీగ లాగి, తన కొట్టుతో కలిపి తొమ్మిదిళ్లకు తగిలించాడు. మూతబడ్డ మిల్లు సామాన్లలో ఒక బోర్డు కూడా దొరికింది. తీగలన్నీ వచ్చి ఆ బోర్డులో కలవాలి. బోర్డు ఎవరింట్లో పెట్టాలన్నప్పుడు అధ్యక్షుల వారి ఇల్లు ఉండగా ఇంకో ఇంటి పేరు ఎవరంటారు?

ఆయన అధ్యక్షులైతే కూర్చునేది ఆవిడ. ఏదో ఇంట్లో ఎవరో ఫోను పిడి తిప్పుతారు. ఇక్కడ ఆ నంబరు మీది రేకుమూత టప్పున పడుతుంది. ఆవిడ ఒక పిన్ను ఆ బొక్కలో గుచ్చి, “ఎవరు కావాలమ్మా” అంటుంది. రెండో పిన్ను ఆ కావలసినవాళ్ల బొక్కలో గుచ్చి, తన పిడి గిరగిరా తిప్పుతుంది. అటు గంట మోగుతుంది. మాటలు అయిపోయాయని తెలిశాక పిన్నులు లాగి, రేకుమూత వేలితో పైకి నెడుతుంది. బియ్యం ఏరుతూ ఈ పని చేయగలదు, పప్పు ఉడుకుతుంటే చేయగలదు, కునికిపాట్లు పడుతూ కూడా చేయగలదు.

కోస్తా నుంచి వచ్చిన కొత్తలో ఆవిడకు ఈ పాతబస్తీలో తెలిసిన మొహం ఒక్కటి లేదు. బోర్డు వచ్చాక మొహాలు కాదు గానీ గొంతులన్నీ తెలిశాయి. ఎవరింట్లో దగ్గుందో, ఎవరింట్లో అలక ఉందో గొంతును బట్టి చెప్పేస్తుంది. గల్లీలో పెద్దాచిన్నా ఆవిడను బోర్డమ్మ అంటారు. కూరగాయల బండివాడు కూడా అంతే. పేరు పోయినందుకు ఆవిడేమీ బాధపడలేదు. రాజరాజేశ్వరిగా ఉన్నన్నాళ్లూ ఆవిడను పిలిచినవాళ్లు లేరు.

ఇప్పుడు మేకుకు వేలాడుతున్న తీగ ఎందుకు వేలాడుతోందో కూడా ఆవిడకు తెలుసు. నిన్న సాయంత్రం పోపు వేయడానికి వంటింట్లోకి వెళ్లినప్పుడు ఆయన స్టూలు మీద కూర్చున్నారు. తిరిగొచ్చేసరికి చెవిగొట్టం ఆయన చేతిలో ఉంది, చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి. ఆ వేళకు మాట్లాడుకునేది మాణిక్యమ్మా, లీలమ్మా. మాణిక్యమ్మ జాకెట్లు కుట్టే మనిషి. అధ్యక్షుల వారు సంఘంలో మాట్లాడే తీరును, గొంతు సవరించుకోవడంతో సహా దింపేస్తుంది. “అనగా, ఏమనగా, మన గల్లీ అనగా” అని ఆవిడ మొదలుపెడితే లీలమ్మ ఫోను పట్టుకుని నవ్వలేక కింద కూర్చుంటుంది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పిన్నులు లాగబోతూ చెవిన పడ్డ ఆ మాటలకు బోర్డమ్మ కూడా ఎన్నోసార్లు కొంగు నోట్లో కుక్కుకుంది.

పాపం ఆయన ఆ సంగతి చెప్పి దెబ్బలాడలేరు. దెబ్బలాడాలంటే ముందు దొంగతనంగా విన్నానని ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం దాకా ఏడో నంబరును నలుగురు అడిగారు. లైను చెడిందని మొదటావిడకు చెప్పింది. వానకు తడిసిందని రెండో ఆవిడకు చెప్పింది. నిన్న వాన పడలేదని ఆవిడ గుర్తుచేసింది. దాంతో లీలమ్మ అడిగినప్పుడు ఎలుక కొరికిందని చెప్పాల్సి వచ్చింది.

“ఎలుకనా? ఎవరింట్ల?” అంది లీలమ్మ.

“ఏమో మరి. మధ్యలో ఎక్కడో.”

“అది గూడ ఏం ఎలుకనమ్మా, తొమ్మిది వైర్లుంటె మా మాణిక్యదే దొరికిందా? ఒకిల్లు అవుతలనే ఉంటది గానీ, కేకేస్తె గల్లీ మొత్తం ఇంటది. ఫోన్లనే మంచిగుంటుండె.”

నాలుగోది ఇంకో ఇంటి పై వాటాలో ఉండే హైమవతి, ఆఫీసరు గారి భార్య. “శ్రావణ శుక్రవారానికి రెండు జాకెట్లు కుట్టించాలండీ. ఆవిడ లైనే చెడిపోతే ఎలా? సరే, బజార్లో మాస్టరుకే ఇచ్చేస్తాను,” అంది.

రాజరాజేశ్వరి పిన్నులు లాగేసింది. ఏడో నంబరు రేకుమూత ఎంతసేపు చూసినా పడలేదు. తీగే లేనప్పుడు ఎక్కణ్నుంచి పడుతుంది? అవతల మాణిక్యమ్మ పిడి తిప్పుతూనే ఉండొచ్చు.

*

మర్నాడు పొద్దున్న కైలాసం వచ్చాడు. మనిషికి నలభై దాటినా వేషాలు దాటలేదు. తన కొట్లోంచి ఆఫీసరు గారి గొంతుతో ఫోను చేసి ఇంటికి చేపలు తెమ్మని కబురు పెట్టించిన ఘనుడు. ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా ముట్టరు.

“ఏడో నంబర్ పోయిందట గద అమ్మా. ఫికర్ జేయకు, పట్టేస్త.”

ఆవిడ చిక్కుడుకాయల గిన్నె ఒళ్లోకి లాక్కుంది. పక్క గదిలో వీరరాఘవరావు గారు పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పిన చప్పుడు మాత్రం లేదు.

కైలాసం నిచ్చెనేసుకుని డాబా ఎక్కాడు. కిటికీలోంచి అతను కనబడుతూనే ఉన్నాడు. ఎండలో తీగ వెంట వంగి నడుస్తున్నాడు. ప్రతి ముడి దగ్గరా ఆగుతున్నాడు. ముడి విప్పుతున్నాడు, కత్తితో రాగి గీకి మెరిపిస్తున్నాడు, మళ్లీ మెలేస్తున్నాడు. ఒక డాబా మీద ఎవరో ఆరబెట్టిన వడియాలు తొక్కి తిట్లు తిన్నాడు. చెడని తీగను అంత శ్రద్ధగా బాగుచేసేవాణ్ని చూస్తుంటే ఆవిడ చేతిలో చిక్కుడుకాయలు ఒలవడం సాగలేదు.

పేపరు మడిచి వీరరాఘవరావు గారు స్నానానికి వెళ్లాక కైలాసం దిగొచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చెంబెడు నీళ్లు గటగటా తాగి, బోర్డు వెనక్కి తల పెట్టాడు. చాలాసేపు బయటికి తీయలేదు.

“అమ్మా,” అన్నాడు లోపల్నుంచే.

“ఊఁ.”

“మీ ఇంట్ల ఎలుకలు మస్తు సదువుకున్నయ్. వైరు గొరికి, టేపు సుట్టి, మేకుకు గూడ తగిలిచ్చి పోయినయ్.”

ఆవిడకు నవ్వు రావాలి. రాలేదు. కళ్లనిండా నీళ్లొచ్చాయి.

కైలాసం బోర్డు వెనక నుంచి లేచి, ఆవిడ మొహం చూసి తగ్గాడు. “నువ్వేం జెప్పలే, నేనేం సూడలే. సరేనా? గానీ పొద్దటి సంది మిద్దెల మీద కాళ్లు గాలినయ్ అమ్మా. సార్ పేపర్ల మొకం పెట్టుకొని గూసున్నడు గద, ఒక్క మాట అంటే ఏం బోయింది?”

“ఆయన అనలేరు కైలాసం.”

“నువ్వు?”

బాత్రూంలో చెంబు చప్పుడు ఆగింది. ఆవిడ ఒలవని చిక్కుడుకాయను రెండుగా తుంచింది.

*

జాకెట్టు గుడ్డ ఒకటి చంకలో పెట్టుకుని ఆ సాయంత్రం రాజరాజేశ్వరి మాణిక్యమ్మ ఇంటికి బయల్దేరింది. బోర్డు ఆయనకు అప్పజెప్పి వచ్చింది. వెనక గోడకు ఆనుకునే ఉన్న ఇల్లే. గుమ్మం మాత్రం అటు సందులో ఉంది, చుట్టు తిరిగి వెళ్లాలి. ఇన్నేళ్లలో ఈవిడ బోర్డు వదిలి అటు వెళ్లలేదు. మోకాలు పట్టేసిన ఆవిడ ఇటు రాలేదు.

“ఎవరది?” లోపల కుట్టుమిషను ఆగింది.

“నేనండీ.”

“అరె, బోర్డమ్మ. దా దా, లోపటికి రా. జర ఆ గడప సూసుకో.”

మాణిక్యమ్మ పొట్టిగా గుండ్రంగా ఉంది. మెళ్లో నల్లదారానికి చిన్న సిలువ. కుడికాలు ముక్కాలిపీట మీద చాపుకుని, ఎడంకాలు ఒక్కదానితోనే మిషను తొక్కుతోంది. గోడన ఫోను మీద లేసు గుడ్డ కప్పి ఉంది, దేవుడి పటానికి కప్పినట్టు.

“నువ్వు లావుంటవ్ అనుకున్న,” అంది మాణిక్యమ్మ, తేరిపార చూసి.

“ఎందుకూ?”

“గొంతు లావుగున్నది గద.”

“నేను మిమ్మల్ని పొడుగనుకున్నాను.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎదురుగా కూర్చుని మాట్లాడటం ఇద్దరికీ కొత్త. మాణిక్యమ్మ గుడ్డ తీసుకుని, అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది.

“మంచి గుడ్డ. నువ్వన్న తెచ్చినవ్ తల్లీ. శ్రావణం వస్తున్నదంటే ఈపాటికి ఈ గంప నిండాలె ఏటేటా.” గంపలో ఒక దారపుండ, ఒక కత్తెర ఉన్నాయి. “నిన్నటి సంది ఫోన్ మోగలే. కైలాసం వచ్చి సూసిండు, మంచిగనే ఉందన్నడు, నవ్వుకుంట పోయిండు. వాడు నవ్విండంటే ఏదో ఉంటది. గొంతు ఇనకుంటే మనిషిని మర్చిపోతరేమో బోర్డమ్మా. లీలమ్మ కేకేస్తది గానీ, కేకల ఏం ముచ్చట్లుంటయ్?”

“ఏం ముచ్చట్లాడతారేంటి మీరు?”

“ఏముంటయ్? గదీ ఇదీ.” మాణిక్యమ్మ కళ్లు మెరిశాయి. గొంతు సవరించుకుని, లేని కళ్లజోడు జార్చుకుని మొదలుపెట్టింది. “అనగా, ఏమనగా, కుళాయి దగ్గర లైను అనగా...”

రాజరాజేశ్వరి పకపకా నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వి ఎన్నాళ్లయిందో. నవ్వి, కళ్లు తుడుచుకుని, అదే ఊపిరిలో చెప్పేసింది.

“అది ఆయన విన్నారండీ. మొన్న. బోర్డు దగ్గర కూర్చుని విన్నారు. మీ లైనేమీ చెడలేదు. ఊడదీశారు.”

మాణిక్యమ్మ ఎడంకాలు మిషను మీదినుంచి కిందికి దిగింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కాసేపు ఆ చేతి వెనక భయమో సిగ్గో తెలియలేదు. తర్వాత భుజాలు కదలడం మొదలయ్యాయి.

“అయ్యో, పెద్దసారే ఇన్నడా? గొంతు మంచిగ కుదిరిందో లేదో మరి.” నవ్వీ నవ్వీ ఆగి, మెల్లగా అంది. “తప్పు నాదే. నేనొచ్చి దండం బెడత. మెట్లెక్కలేను గానీ, గుమ్మం కాడ నిలబడి అడుగుత.”

“ఎలా అడుగుతారు? అన్నందుకు క్షమించమంటే, విననే లేదంటారు ఆయన.”

“గదీ నిజమే.” మాణిక్యమ్మ గుడ్డ మడత పెట్టింది. “నువ్వు గూడ ఇంటవా మా ముచ్చట్లు?”

రాజరాజేశ్వరి లేచి నిలబడింది. అబద్ధం చెప్పడానికి వానా లేదు, ఎలుకా లేదు.

“అప్పుడప్పుడూ,” అంది.

“నువ్విన్నా మంచిదే,” అంది మాణిక్యమ్మ. అని ఆ గుడ్డను గంపలో వేసింది.

*

“ఈ ఫోన్లు బోర్డు లేకుండా పెట్టలేవా?” అని ఆవిడ అడిగినప్పుడు కైలాసం రేడియో లోపల ఊదుతున్నాడు. కొట్లో ఎవరూ లేరు. అధ్యక్షుల వారు చెల్లెలింట్లో గృహప్రవేశానికని ఆ పొద్దునే సైదాబాద్ వెళ్లారు. ఆదివారం గాని రారు. ఆవిడ నలతగా ఉందని చెప్పి ఆగిపోయింది.

“సార్‌కు చెప్పినవా?”

“వచ్చాక చెబుతాను.”

“నేను రాత్రికి రాత్రే ఆ టేపు విప్పి ఏడో నంబర్ తగిలిస్త, మళ్ల ఎవరికి తెల్వదు.”

“మళ్లీ ఊడదీస్తారు. మాణిక్యమ్మ కాకపోతే ఇంకొకళ్లది. ఆయన కాకపోతే ఇంకొకళ్లు. ఆ స్టూలు మీద ఎవరు కూర్చున్నా వింటారు కైలాసం. నేనూ విన్నాను.”

కైలాసం రేడియో పక్కన పెట్టాడు. మొదటిసారి వేళాకోళం లేకుండా మాట్లాడాడు. “పెట్టొచ్చు. ఒకటే వైరు, ఇంటినుంచి ఇంటికి. అందరూ దాని మీదనే. గానీ అమ్మా, బోర్డు పోతే నువ్వు బోర్డమ్మవు గావు. మల్ల నిన్ను ఎవరు పిలుస్తరు? ఆలోచన జేసుకో.”

ఆలోచించడానికే ఆవిడ నడిచి వచ్చింది. దారంతా ఆలోచించింది కూడా. పొద్దున్నే టప్పున పడే ఆ మొదటి రేకుమూత, “బోర్డమ్మా, జర ఫలానా వాళ్లను ఇయ్యి” అనే ఆ గొంతు, అది లేకుండా పొద్దు ఎలా తెల్లవారుతుందో ఆవిడకు తెలియడం లేదు.

“ఈ రోజే మొదలుపెట్టు,” అంది.

సాయంత్రానికల్లా తొమ్మిది తీగలూ బోర్డు నుంచి ఊడాయి. ఒకే తీగ గోడలమీంచి ఇల్లిల్లూ తిరిగి మళ్లీ మొదటికొచ్చింది. ఎవరి గంట వారికని కైలాసం లెక్క చెప్పాడు. లీలమ్మకు ఒక పొడుగు గంట, హైమవతికి రెండు పొట్టి, అలా. ఎవరి గంటకు వారే ఎత్తాలి.

మొదటి గంట లీలమ్మది. తొమ్మిదిళ్లలోనూ మోగింది. తొమ్మిదిళ్లలోనూ ఎత్తారు. గంట మోగితే ఎత్తకుండా ఉండటమెలాగో ఆ గల్లీలో ఎవరికీ చేతకాదు. పైగా ఎత్తాక పలకరించకుండా పెట్టేయడం మర్యాద కాదు గనక అందరూ అందరినీ తిన్నారా అని అడిగారు. ఉన్న కాస్త కరెంటు తొమ్మిది చెవులకూ పంచుకుపోయి, ఎవరికీ దోమ పాడినంత కూడా వినబడలేదు. రుబ్బురోలు ఖాళీగా ఉందా అని అడగబోయిన మనిషి విసుగెత్తి నడిచెళ్లి అడిగొచ్చింది.

“నీది కాదని తెలుసుగా లీలమ్మా, ఎందుకెత్తావు?” అని రెండో గంట మోగినప్పుడు రాజరాజేశ్వరి అడిగింది.

“నాది గాదని తెల్సు. ఎవరిదో తెల్వాలె గద.”

మర్నాడంతా అదే లొల్లి. బ్యాటరీలు అయిపోయాయని కైలాసం, బోర్డే నయమని హైమవతి. ఆదివారం దగ్గర పడుతోంది. మధ్యాహ్నం రాజరాజేశ్వరి డాబా మీద నిలబడింది. తీగ వైపు చూస్తే ఏమీ తోచలేదు. అటుపక్క డాబా మీంచి లీలమ్మ, పైన పళ్లెం మూసిన గిన్నె ఒకటి గోడ మీంచి అందించింది.

“మాణిక్యకు అమ్మా. మా చెల్లె పంపింది, గల్లీ కొసకు ఉంటది గద. జర ఇచ్చెయ్.”

గిన్నె వెచ్చగా ఉంది. ఎవరి కూరో, ఎన్ని గోడలు దాటి వచ్చిందో. ఆ గల్లీలో వంటలు అలాగే ప్రయాణం చేస్తాయి, గోడమీంచి గోడమీదికి. మధ్యలో ఉన్నవాళ్లు తీసుకుని పక్కవాళ్లకు అందిస్తారు. మూత మాత్రం తీయరు. రాజరాజేశ్వరి వెనక గోడ మీంచి గిన్నె దించి, “మాణిక్యమ్మగారూ” అని పిలిచి, అక్కడే నిలబడిపోయింది. తర్వాత గబగబా మెట్లు దిగింది.

“అందరికీ గంట వద్దు కైలాసం. పక్కింటికి మోగితే చాలు. తనకు కాకపోతే ఆ పక్కింటికి కలుపుతారు. గిన్నె అందించినట్టు.”

“మూత దియ్యకుండనా? మన లీలమ్మనా?”

“మూత తీయడానికి లేకుండా చెయ్యి. అటు కలిపితే తన ఫోను ఊడిపోవాలి.”

కైలాసం గడ్డం గోక్కున్నాడు. నేల మీద సుద్దతో ఒక గీత గీసి, చెరిపి, ఇంకోటి గీశాడు. మెల్లగా పళ్లు బయటపడ్డాయి. “పాత రేడియో స్విచ్చులున్నయ్ నా దగ్గర. ఎడమకు తిప్పితె ఎడమింటోళ్లు, కుడికి తిప్పితె కుడింటోళ్లు, నడుమకు పెడితె అటోళ్లు ఇటోళ్లు కలుస్తరు, మనం ఊడిపోతం. గంట ఉంటది, చెవి ఉండది.”

“మధ్యలో ఎవరైనా తాళం వేసుకుని ఊరెళ్తే?”

“నడుమకు పెట్టి పోతరు. మరిచిపోయిండ్రనుకో, అవుతల దిక్కునుంచి పోవుడే. సుట్టు తిరిగి వస్తది గద వైరు. ఒక ఇల్లు బందైతే లైనంతా బందయ్యే ముచ్చటే లేదు.”

శనివారం తెల్లారినప్పటి నుంచి తొమ్మిదిళ్లకు తిరిగి స్విచ్చులు బిగించారు. కైలాసం బిగించాడు, రాజరాజేశ్వరి నేర్పింది. ఎవరికి ఎలా చెబితే ఎక్కుతుందో గొంతులు తెలిసిన మనిషికి వేరే చెప్పాలా? లీలమ్మకు మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నడుమకు పెట్టాక ఏమీ వినబడదన్న మాట ఆవిడకు ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు.

*

ఆదివారం పదింటికి వీరరాఘవరావు గారు రిక్షా దిగారు. చేతిలో గృహప్రవేశం లడ్డూల పొట్లం ఉంది. పొట్లం బల్లమీద పెట్టబోయి బోర్డును చూశారు. రేకుమూతలన్నీ పైకి లేచి వరసగా ఉన్నాయి. వెనక ఒక్క తీగ లేదు. మేకుకు కూడా లేదు.

“ఏంటిది?”

రాజరాజేశ్వరి అంతా చెప్పింది. మాణిక్యమ్మ గొంతు దింపే సంగతి ఒక్కటే వదిలేసింది. ఆయన విన్నారు. మొహం కందగడ్డలా అయింది.

“సంఘంలో అనుకోకుండా?”

“అందర్నీ అడిగామండీ. అందరూ సరేనన్నారు.”

“నన్ను అడగలేదే.”

“మీ లైను చెడిపోయిందండీ,” అంది ఆవిడ.

ఆయన ఆవిడ వంక చూశారు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. గొంతు సవరించుకున్నారు, ఏదో అనబోయారు. ఆ ‘అనగా’ బయటికి రాకుండానే గోడమీద గంట మోగింది. అలవాటు కొద్దీ ఆయనే ఎత్తారు.

“పెద్దసార్, నేను లీలమ్మను. మాణిక్యకు జర కలుపుండ్రి.”

ఆయన కొత్త స్విచ్చు వంక చూశారు.

“కష్టమైతే ఒద్దు లెండ్రి సార్. అవుతలి దిక్కునుంచి పోత. జర సుట్టూ గానీ, అందుతది.”

అధ్యక్షుల వారు గొట్టం పట్టుకుని నిలబడ్డారు. కలపననడానికి ఆయనకేమీ అడ్డం లేదు. అయినా మాణిక్యమ్మ గంట మోగుతుంది. లీలమ్మ మాటలు ఆయన గోడ పక్కనుంచి కాక ఇంకో గోడ పక్కనుంచి వెళ్తాయి, అంతే. ఇంత తేలిగ్గా తన్ను దాటిపోవచ్చని ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు.

“ఎటు తిప్పాలి?” అన్నారు భార్యతో, గొంతు తగ్గించి.

“ముందు కుడికి తిప్పి, మాణిక్యమ్మకు గంట కొట్టి చెప్పండి. ఎత్తాక నడుమకు పెట్టండి.”

కుడికి తిప్పారు. పిడి తిప్పారు.

“ఎవరు?” అంది అవతల మాణిక్యమ్మ.

“నేను. వీరరాఘవరావును,” అన్నారు. “లీలమ్మ మాట్లాడుతుందట. కలుపుతున్నాను.”

“మంచిది సార్,” అంది మాణిక్యమ్మ అతి చిన్న గొంతుతో.

నడుమకు పెట్టారు. గొట్టం చెవి దగ్గరే ఉంచుకుని కాసేపు చూశారు. ఏమీ లేదు. గొట్టం ఊపి చూశారు. పెట్టేశారు.

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆయనకు తీరిక లేదు. అవతలి డాబాల వాళ్లందరికీ ఆ పూటే మాణిక్యమ్మతో పనిపడింది. హైమవతికి చేతుల కొలత చెప్పాలి. తర్వాత ఒక ముసలాయన, గొంతు వణుకుతూ, తన కోటుకు గుండీ కుట్టించాలన్నాడు. ఆ తర్వాత ఒక పట్నం పడుచు తనకు పది జాకెట్లు కావాలంది. ఆ గల్లీలో కోటు వేసుకునే ముసలాయన గానీ, అంత బొంగురు గొంతున్న పడుచు గానీ లేరు. రాజరాజేశ్వరి ఆ గొంతు వినకపోయినా, భర్త మొహాన్ని బట్టి కైలాసం అని కనిపెట్టింది. చెప్పలేదు. ఆయన “కుడివైపు కలుపుతున్నానమ్మా, ఉండండి” అంటూ అచ్చు ఆఫీసులో లాగా పని చేసుకుపోతున్నారు. పడుచుకు కలిపేముందు ఒకసారి తిన్నారా అని కూడా అడిగారు.

రెండు దాటాక గల్లీ నిద్రపోయింది. ఆయన భోంచేసి పడక్కుర్చీలో వాలారు. రాజరాజేశ్వరి చిక్కుడుకాయల గిన్నె ఒళ్లో పెట్టుకుని వంటింటి గడపమీద కూర్చుంది. చేతులు ఒలుస్తున్నాయి గానీ చెవులకు పనిలేదు. రేకుమూత పడినట్టు రెండుసార్లు అనిపించింది. లేచి చూసింది. బోర్డు ఉత్త బల్లలా ఉంది. ఆవిడ స్టూలును గోడ పక్కకు జరిపి, దాని మీద లడ్డూల పొట్లం పెట్టింది. ఇంకా చాలా పొద్దుంది. ఇంత మధ్యాహ్నం ఏం చేసుకోవాలో తోచక మళ్లీ వచ్చి గడపమీద కూర్చుంది.

గంట మోగింది.

వీరరాఘవరావు గారు ఆవులిస్తూ లేచి ఎత్తారు. “ఆఁ. చెప్పండి. ఎటు కలపాలి?” విన్నారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ విన్నారు. “ఎటూ వద్దా?”

గొట్టం చేత్తో మూసి ఇటు తిరిగారు.

“మాణిక్యమ్మ. నువ్వు కావాలట.”

“ఎవరితో మాట్లాడాలట?”

“నీతోనే.”

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. గొట్టం అందుకుంది.

“రాజమ్మా,” అంది మాణిక్యమ్మ. ఎవరు చెప్పారో ఆ పేరు. “పడుకున్నవా?”

“లేదు. ఏంటి, జాకెట్టు కొలతా?”

“కొలత ఎందుకు, నిన్ను సూసిన గద. ఏం లేదు. ఊర్కెనే చేసిన.”

వీరరాఘవరావు గారు అక్కడే నిలబడి ఉన్నారు. కాసేపు గోడ చూశారు. కాసేపు కేలండరు చూశారు. తర్వాత గడపమీది చిక్కుడుకాయల గిన్నె తీసుకుని, అరుగు మీదికి వెళ్లి కూర్చున్నారు. ఆయన వెళ్లేదాకా ఆగి, రాజరాజేశ్వరి లడ్డూల పొట్లం పక్కన పెట్టి, స్టూలు లాక్కుని గోడవైపు తిరిగింది. గొంతు తగ్గించింది. బోర్డు ముందు కూర్చున్న ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా గొంతు తగ్గించి మాట్లాడలేదు. అప్పుడు ఆవిడ దగ్గర అలాంటి మాటలు లేవు.

“పొద్దున్న ఏం జరిగిందో చెబుతాను, ఉండు,” అంది.